‘అధ్యయనంలో తేలింది’ అని రాసే ముందు అడగాల్సినవి

సంపాదకుల వారికి,

వడ్డీ రేట్లు పెంచితే ధరలు దిగివస్తాయని, బ్యాంకులు విలీనమైతే చిన్న అప్పులు తగ్గుతాయని, కేంద్ర బ్యాంకుకు స్వేచ్ఛ ఉంటే ద్రవ్యోల్బణం అదుపులో ఉంటుందని ‘అధ్యయనంలో తేలింది’ అంటూ వాణిజ్య పేజీల్లో వార్తలు వస్తుంటాయి. వాటిలో ముగింపు ఉంటుంది, విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది, ఒక శాతం అంకె ఉంటుంది. ఆ అంకెను నమ్మవచ్చో లేదో తేల్చే వివరం మాత్రం ఉండదు. అది చాలాసార్లు ఒక్క వాక్యంలో ఇమిడేదే. ఆ వాక్యం ఎందుకు ముఖ్యమో, దాన్ని పరిశోధన పత్రంలో ఎక్కడ వెతకాలో చెప్పడానికే ఈ లేఖ. కాస్త పొడవైంది, మన్నించాలి.

బ్యాంకుల మీద జరిగే పరిశోధనలో మూల చిక్కు ఒకటే. ఒక బ్యాంకు పోయిన ఏడాది 100 అప్పు ఇచ్చింది, ఈ ఏడాది 80 ఇచ్చింది. చేతిలో డబ్బు లేక ఇవ్వలేదా, అడిగేవాళ్లు లేక ఇవ్వలేదా? బ్యాలెన్స్ షీట్లో ఈ రెండూ ఒకేలా కనబడతాయి. మొదటిది నిజమైతే బ్యాంకుకు నిధులు సమకూర్చాలి. రెండోది నిజమైతే ఎన్ని నిధులు పోసినా అవి అక్కడే పడి ఉంటాయి. విధానం మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

అమెరికాలో 1930 నుంచి 1933 వరకు దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. ఆర్థికవేత్తలు మిల్టన్ ఫ్రీడ్‌మన్, అన్నా ష్వార్ట్జ్ 1963లో ఆ పతనాన్ని ద్రవ్య సరఫరా కుంగిపోవడంతో ముడిపెట్టారు. 1983లో బెన్ బెర్నాంకీ ఇంకో మాట చేర్చారు. బ్యాంకు మూతపడితే డిపాజిట్లు మాత్రమే పోవు, ఎవరికి అప్పిస్తే తిరిగి వస్తుందో ఏళ్ల తరబడి ఆ బ్యాంకు కూడబెట్టుకున్న ఎరుక కూడా పోతుంది, అందుకే 1930ల మహా మాంద్యం అంత లోతుగా, అంత కాలం సాగింది అన్నారు. గొప్ప వాదన. అయితే దానికి వెంటనే ఒక అభ్యంతరం వచ్చింది. అప్పు తీసుకున్నవాళ్లు దివాలా తీయబట్టే బ్యాంకులు మునిగాయేమో? అప్పుడు ఏది కారణం, ఏది ఫలితం? తర్వాతి నలభై ఏళ్ల పరిశోధనలో పెద్ద భాగం ఈ అభ్యంతరానికి జవాబు వెతకడమే.

ఆ జవాబుల్లో బాగా పేరుపొందినది ఆసిం ఖ్వాజా, అతీఫ్ మియాన్ 2008లో ప్రచురించిన పత్రం. 1998 మే నెలలో పాకిస్తాన్ అణు పరీక్షలు జరిపాక ఆ దేశ ప్రభుత్వం డాలర్ డిపాజిట్లను స్తంభింపజేసింది. డబ్బు వెనక్కి కావాలంటే నిర్ణయించిన రేటుకు రూపాయల్లోనే తీసుకోవాలి. డాలర్ డిపాజిట్లు ఎక్కువగా ఉన్న బ్యాంకుల నుంచి డబ్బు ఎక్కువగా బయటికి పోయింది, తక్కువ ఉన్నవాటి నుంచి తక్కువ పోయింది. ఇప్పుడు ఒకే కంపెనీ ఈ రెండు రకాల బ్యాంకుల దగ్గరా అప్పు తీసుకుని ఉందనుకోండి. కంపెనీ ఒకటే కాబట్టి దాని అవసరం, దాని నష్టభయం రెండు చోట్లా ఒకటే. అయినా ఒక బ్యాంకు అప్పు ఎక్కువగా తగ్గించి, ఇంకోటి తక్కువగా తగ్గిస్తే ఆ తేడా బ్యాంకు వైపు నుంచి వచ్చిందే. నిధులు అదనంగా 1 శాతం తగ్గిన బ్యాంకు, అదే కంపెనీకి ఇచ్చే అప్పును అదనంగా 0.6 శాతం తగ్గించిందని తేలింది. పెద్ద కంపెనీలు వేరే బ్యాంకుల దగ్గరికి వెళ్లి ఆ లోటు పూడ్చుకున్నాయి. చిన్నవి పూడ్చుకోలేకపోయాయి.

ఈ పద్ధతి ఎంత గట్టిదైనా దీనికి రెండు బలహీనతలు ఉన్నాయి. ఒకే బ్యాంకుతో లావాదేవీలు నడిపే కంపెనీలు ఈ పోలికలోంచి రాలిపోతాయి, ఎందుకంటే పోల్చడానికి రెండో బ్యాంకు లేదు. చిన్న వ్యాపారాల్లో చాలావరకు ఆ కోవలోవే. రెండోది, కంపెనీ గిరాకీ అన్ని బ్యాంకుల దగ్గరా ఒకేలా ఉంటుందనే ఊహ. ఒక బ్యాంకు దగ్గర ఎగుమతి రుణం, ఇంకో బ్యాంకు దగ్గర యంత్రాలకు రుణం తీసుకున్న కంపెనీ విషయంలో ఎగుమతులు పడిపోతే ఆ ఊహ చెల్లదు. కాబట్టి విలేకరి అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘గిరాకీని, సరఫరాను ఎలా విడదీశారు?’ పత్రం ఉపోద్ఘాతంలో రెండో మూడో పేరాలో దీనికి జవాబు ఉంటుంది. లేకపోతే ఆ పత్రం గురించి రాయడానికి ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది.

స్పెయిన్ కేంద్ర బ్యాంకు రుణ రిజిస్టరుతో పనిచేసిన పరిశోధకులు ఇంకో మెట్టు పైకి వెళ్లారు. కొత్త ఖాతాదారు అప్పు అడిగితే అతని పాత అప్పుల వివరాలు ఇవ్వమని బ్యాంకు ఆ రిజిస్టరును అడుగుతుంది. ఆ విచారణ నమోదవుతుంది. తర్వాత అప్పు మంజూరైందో లేదో కూడా నమోదవుతుంది. ఇచ్చిన అప్పులతో పాటు అడిగి కాదనిపించుకున్న అప్పులు కూడా లెక్కకు వచ్చాయన్నమాట. ఇలాంటి సమాచారం ఉన్న అధ్యయనానికీ, వార్షిక నివేదికల అంకెలతో చేసినదానికీ ఎంతో తేడా ఉంది. వార్తలో మాత్రం రెండూ ‘అధ్యయనం’ అనే ఒకే మాటతో సరిపెట్టుకుంటాయి.

బ్యాంకు శాఖలకూ పేదరికానికీ ఉన్న సంబంధం మీద రాబిన్ బర్గెస్, రోహిణీ పాండే 2005లో ప్రచురించిన పత్రాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. భారతీయ రిజర్వ్ బ్యాంకు 1977లో ఒక నియమం పెట్టింది. అప్పటికే శాఖలున్న చోట ఒక కొత్త శాఖ తెరవాలంటే, అసలు శాఖే లేని నాలుగు చోట్ల తెరవాలి. 1990లో ఆ నియమం పోయింది. నియమం వచ్చినప్పుడు, పోయినప్పుడు శాఖల విస్తరణ తీరు మారింది కాబట్టి ఆ మలుపులను ఆసరా చేసుకుని, గ్రామీణ శాఖలు పెరగడం వల్ల గ్రామీణ పేదరికం తగ్గిందని వాళ్లు తేల్చారు. దీని మీద గట్టి విమర్శలు కూడా వచ్చాయి. ఆ ఏళ్ల చుట్టుపక్కల మారినది శాఖల నియమం ఒక్కటే కాదు. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం అప్పులు, రాయితీలు ఆ శాఖల ద్వారానే వెళ్లాయి. తగ్గుదలలో శాఖ పాత్ర ఎంత, రాయితీ పాత్ర ఎంత? ఈ రెండూ విడివడకుండా ‘శాఖలు తెరిస్తే పేదరికం తగ్గుతుంది’ అని శీర్షిక పెట్టడం ఆ పరిశోధకులకే అన్యాయం.

ఇక సిద్ధాంతానికీ సాక్ష్యానికీ మధ్య గీత చెరిగిపోవడం ఇంకో సమస్య. బెర్నాంకీతో పాటు డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్విగ్‌లకు 2022లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చినప్పటి నుంచి, ఆరోగ్యంగా ఉన్న బ్యాంకు కూడా పుకార్లతో కూలిపోతుందని వాళ్లు ‘నిరూపించారు’ అనే మాట తరచూ కనబడుతోంది. డైమండ్, డిబ్విగ్ 1983లో ఇచ్చినది ఒక సిద్ధాంత నమూనా (మోడల్). అది ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కతో చూడవచ్చు.

వంద మంది తలా 1 చొప్పున బ్యాంకులో వేశారు. బ్యాంకు ఆ 100ను దీర్ఘకాలిక అప్పులుగా ఇచ్చింది. చివరిదాకా ఆగితే అది రెట్టింపు అవుతుంది, మధ్యలో అమ్మితే వేసినంతే వస్తుంది. మధ్యలో వచ్చిన ప్రతి ఒక్కరికీ 1.2 ఇస్తానని బ్యాంకు మాట ఇచ్చింది. నిజంగా అవసరం పడి 20 మంది వస్తే 24 చెల్లిస్తుంది. మిగిలిన 76 చివరికి 152 అవుతుంది, ఆగిన 80 మందికి తలా 1.9 దక్కుతుంది. అందరూ సుఖంగా ఉన్నారు. కానీ మధ్యలో 66 మంది దాకా వస్తారనుకుంటేనే ఆగడం లాభం. 67 మంది వస్తారని అనిపిస్తే, ఆగినవాళ్లకు దక్కేది తలా 1.19 దగ్గర ఆగిపోతుంది, 1.2 కన్నా తక్కువ. అప్పుడు అవసరం లేనివాడు కూడా వరసలో నిలబడటమే తెలివైన పని. 83 మందికి పూర్తిగా చెల్లించేసరికి బ్యాంకులో 0.4 మిగులుతుంది. 84వ మనిషికి ఆ 0.4, తర్వాతివాళ్లకు సున్నా. బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో లోపమేమీ లేదు. మిగతావాళ్లు ఏం చేస్తారోనన్న అంచనా ఒక్కటే మారింది. డిపాజిట్లకు బీమా ఉంటే 67 మంది వస్తారన్న భయానికే చోటుండదు. ఆ బీమా ఒక్కసారి కూడా చెల్లించాల్సిన పని లేకుండానే పని చేస్తుంది.

లెక్క ఎంత అందంగా ఉన్నా, ఇది ‘ఇలా జరగవచ్చు’ అని చెబుతుంది. జరిగిన పతనాల్లో ఎన్ని ఇలాంటివో చెప్పదు. అది రికార్డులు తిరగేసి తేల్చాల్సిన విషయం. చార్లెస్ కలోమిరిస్, జోసెఫ్ మేసన్ 1932 జూన్ నాటి షికాగో బ్యాంకుల సంక్షోభాన్ని పరిశీలించి, ఆ గందరగోళంలో మూతపడ్డ బ్యాంకులు అంతకు ముందు నుంచే మిగతావాటి కన్నా బలహీనంగా ఉన్నాయని 1997లో చూపించారు. రెండు పరిశోధనలూ విలువైనవే, ఒకదాన్నొకటి కొట్టేయవు. ‘ఇది నమూనానా, సమాచార పరిశీలనా?’ అన్న ఒక్క మాట వార్తలో ఉంటే పాఠకుడికి ఈ తేడా తెలిసేది.

కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు విషయంలో మళ్లీ అదే కార్యకారణాల చిక్కు, ఇంకాస్త మొండిగా. ధరలు పెరగబోతున్నాయని పసిగట్టి కేంద్ర బ్యాంకు రేటు పెంచుతుంది. తర్వాత ధరలు పెరుగుతాయి. ఈ రెండు వరసలను పక్కపక్కన పెట్టి లెక్క వేస్తే రేటు పెంచడం వల్లే ధరలు పెరిగినట్టు వస్తుంది. క్రిస్టఫర్ సిమ్స్ 1992లో కొన్ని దేశాల గణాంకాల్లో ఈ వింతను ఎత్తి చూపారు. గొడుగులు తెరిచినందుకు వాన కురిసిందన్నట్టు ఉంటుంది ఇది. దీన్నుంచి బయటపడటానికి, మార్కెట్ ముందే ఊహించిన మార్పును పక్కన పెట్టి ఊహించని భాగాన్ని మాత్రమే తీసుకోవాలి.

కెనెత్ కట్నర్ 2001లో అమెరికా ఫెడరల్ ఫండ్స్ ఫ్యూచర్స్‌తో, అంటే అక్కడి బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పుల రేటు మీద ముందుగా కుదుర్చుకునే కాంట్రాక్టులతో, ఈ పని చేసిన తీరు చూడదగ్గది. ఆ కాంట్రాక్టు విలువ తేలేది నెల మొత్తం సగటు రేటును బట్టి. 30 రోజుల నెలలో 20వ తేదీన ప్రకటన వస్తే కొత్త రేటు ఆ నెలలో 10 రోజులే అమలవుతుంది. కాబట్టి కాంట్రాక్టు 4 బేసిస్ పాయింట్లు (ఒక్కోటి శాతం పాయింటులో నూరో వంతు) కదిలితే అసలు ఆశ్చర్యం, అంటే మార్కెట్ ఊహించని మార్పు, దానికి మూడింతలు, అంటే 12 బేసిస్ పాయింట్లు. నెలలో రోజుల సంఖ్యను మిగిలిన రోజుల సంఖ్యతో భాగించి హెచ్చవేయాలన్నమాట. ప్రకటన 28న వస్తే 15 రెట్లు హెచ్చవేయాలి. అప్పుడు మార్కెట్లో సహజంగా ఉండే చిన్న కదలిక కూడా 15 రెట్లై కూర్చుంటుంది. అందుకే నెలాఖరు ప్రకటనలకు తర్వాతి నెల కాంట్రాక్టును వాడతారు. ఈ సవరణ మరిచిపోయిన పత్రంలో మిగతా ఎంత హంగు ఉన్నా లాభం లేదు. తర్వాతి పరిశోధకులు రోజంతటి మార్పును కాకుండా ప్రకటనకు 10 నిమిషాల ముందు నుంచి 20 నిమిషాల తర్వాతి వరకు, అరగంట మార్పునే తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజే వచ్చే ఇతర వార్తలు లెక్కలో కలవకుండా ఉండటానికి అది.

దీనికీ మందు లేని జబ్బు ఒకటుంది. కేంద్ర బ్యాంకు ఊహించనంతగా రేటు పెంచితే, ‘వీళ్లకు మనకు తెలియనిదేదో తెలుసు, ఆర్థిక వ్యవస్థ మనమనుకున్న దానికన్నా బాగుందన్నమాట’ అని మార్కెట్ అనుకోవచ్చు. అప్పుడు కొలుస్తున్నది రేటు ప్రభావమా, ఆ సంకేతం ప్రభావమా? దీని మీద ఇప్పటికీ వాదోపవాదాలు నడుస్తున్నాయి.

వార్తలు రాసేవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఇంకోటి. ఈ అధ్యయనాల్లో దొరికే ఆశ్చర్యాలు చాలావరకు కొద్ది బేసిస్ పాయింట్లే. పట్టికలో మాత్రం వాటిని 100 బేసిస్ పాయింట్లకు పెంచి చూపుతారు. ‘రేటు 1 శాతం పాయింటు పెంచితే ఉత్పత్తి ఇంత తగ్గుతుంది’ అన్న వాక్యం వెనుక నిజంగా కొలిచినది అయిదో పదో బేసిస్ పాయింట్లు కావచ్చు. చిన్న తోపుకు వచ్చిన కదలికను బట్టి పెద్ద తోపుకు ఎంత వస్తుందో చెప్పడం ఊహే.

శాతం, శాతం పాయింటు విషయం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. రేటు 4 నుంచి 5కు వెళ్తే పెరిగినది 1 శాతం పాయింటు. శాతంలో చెప్పాలంటే 25 శాతం. ఈ రెండింటినీ కలిపేసిన వార్తలో మిగతా ఏ అంకెనూ పాఠకుడు వాడుకోలేడు.

కేంద్ర బ్యాంకు తప్పు చేసిందని తేల్చే అధ్యయనాలను ఇంకో కోణంలో చూడాలి. జాన్ టేలర్ 1993లో ఇచ్చిన సూత్రం ప్రకారం వడ్డీ రేటు ఇలా ఉండాలి: 2కు ద్రవ్యోల్బణాన్ని కలపండి, ద్రవ్యోల్బణం 2ను దాటిన దానిలో సగం కలపండి, ఉత్పత్తి తన సామర్థ్యం కన్నా ఎంత ఎక్కువ ఉందో అందులో సగం కలపండి, తక్కువ ఉంటే సగం తీసేయండి. ద్రవ్యోల్బణం 4 శాతం, ఉత్పత్తి సామర్థ్యం కన్నా 3 శాతం తక్కువ అనుకుంటే రేటు 5.5 రావాలి. ఏళ్లు గడిచి గణాంకాలు సవరించాక ఉత్పత్తి సామర్థ్యానికి సమానంగానే ఉందని తేలిందనుకోండి, అదే సూత్రం 7 అంటుంది. అప్పటి అధికారుల చేతిలో ఉన్నది మొదటి అంకె. పరిశోధకుడు రెండో అంకె తీసుకుని ‘ఒకటిన్నర పాయింట్లు తక్కువగా ఉంచారు’ అంటే ఆనాటి అధికారులకు అది అన్యాయం. అథనాసియోస్ ఒర్ఫనైడిస్ 2001లో ఈ సంగతినే పట్టి చూపించారు. అందుకే గణాంకాలు ఏ తేదీ నాటివో పత్రంలో చూడాలి. పాత అంకెలను మొదట విడుదలైనప్పుడు ఉన్నట్టే దాచి ఉంచే సంపుటులు ఉన్నాయి, అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగమైన ఫిలడెల్ఫియా ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అలాంటి పనే చేస్తోంది. వాటిని వాడారా లేదా అన్నది పత్రంలో సమాచారం గురించి చెప్పే భాగంలో ఒక వాక్యంలో ఉంటుంది.

కేంద్ర బ్యాంకు స్వేచ్ఛ గురించి ఎక్కువగా ఉదహరించేది అల్బెర్టో అలెసినా, లారెన్స్ సమ్మర్స్ 1993లో ఇచ్చిన పటాలు. స్వేచ్ఛ ఎక్కువున్న చోట ద్రవ్యోల్బణం తక్కువ, వృద్ధికి మాత్రం నష్టం లేదు. అందులో ఉన్నవి 16 అభివృద్ధి చెందిన దేశాలు, అంటే 16 చుక్కలు. ధరల పెరుగుదలను సహించని సమాజాలే కేంద్ర బ్యాంకుకు స్వేచ్ఛ ఇచ్చి ఉండవచ్చన్న అభ్యంతరం అప్పుడే వచ్చింది. అలెక్స్ కుకియర్‌మన్, ఆయన సహచరులు 1992లో చట్టాలను చదివి స్వేచ్ఛకు మార్కులు వేశారు. వర్ధమాన దేశాల్లో ఆ మార్కులకూ ద్రవ్యోల్బణానికీ సంబంధం దొరకలేదు. గవర్నర్లు ఎంత తరచుగా మారుతున్నారన్న లెక్కకు దొరికింది. చట్టంలో రాసి ఉన్నది ఒకటి, నడిచేది ఇంకొకటి. అయితే ధరలు పెరిగాయనే గవర్నర్‌ను పంపించేశారేమో అన్న ప్రశ్న ఇక్కడా మిగిలే ఉంది. ద్రవ్యోల్బణ లక్ష్యం పెట్టుకున్న 7 సంపన్న దేశాలను, పెట్టుకోని 13 దేశాలతో లారెన్స్ బాల్, నియామ్ షెరిడన్ పోల్చి చూశారు. మొదటి గుంపులో ద్రవ్యోల్బణం ఎక్కువగా తగ్గిన మాట నిజమే. కానీ అవి మొదలుపెట్టిందే ఎత్తు నుంచి. ఎత్తున ఉన్నది సగటు వైపు దిగడం సహజం కదా. ఆ తేడాను సరిచేశాక లక్ష్యం వల్ల అదనంగా వచ్చిన మేలు పెద్దగా కనబడలేదు. విద్యార్థి మొదటి పరీక్షలో బాగా తక్కువ తెచ్చుకుంటే రెండో దాంట్లో కాస్త పెరగడం ట్యూషన్ ఘనతే కానక్కర్లేదు.

‘20 లక్షల రుణాలను పరిశీలించారు’ అన్న వాక్యం శీర్షికకు పనికొస్తుంది, పాఠకుడికి మాత్రం పనికిరాదు. ఆ రుణాలన్నీ 10 బ్యాంకులు ఇచ్చినవైతే, కుదుపు తగిలింది బ్యాంకులకైతే, నిజంగా ఉన్న పరిశీలనలు పదే. ఒకే బ్యాంకు రుణాలన్నీ ఒకే గాలికి ఊగుతాయి. బ్రెంట్ మౌల్టన్ చూపిన సూత్రంతో లెక్క వేయవచ్చు. బ్యాంకుకు 1,000 రుణాలున్నాయి, అవి ఎంతవరకు కలిసి కదులుతాయో చెప్పే సహసంబంధం 0.02 మాత్రమే. అయినా 999ని 0.02తో హెచ్చవేసి 1 కలిపి వర్గమూలం తీస్తే దాదాపు 4.6 వస్తుంది. అంటే ప్రామాణిక దోషాన్ని (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతను), ప్రతి రుణాన్నీ విడి పరిశీలనగా లెక్కించిన పత్రం నాలుగున్నర రెట్లకు పైగా తక్కువ చేసి చూపుతోంది. ‘గణాంకపరంగా రుజువైంది’ అన్నది ఏమీ రుజువు కాకుండా పోతుంది. ప్రతి పట్టిక కింద చిన్న అక్షరాల్లో దోషాలను ఏ స్థాయిలో క్లస్టర్ చేశారో, అంటే ఏ గుంపులో ఉన్నవి కలిసి కదులుతాయని లెక్కలోకి తీసుకున్నారో, రాసి ఉంటుంది. రుణం స్థాయిలోనా, బ్యాంకు స్థాయిలోనా, ఎన్ని క్లస్టర్లు? యాభైకి బాగా తక్కువగా ఉంటే మామూలు సూత్రం కూడా నమ్మదగింది కాదు, వేరే పద్ధతి వాడాలి. విలేకరి మొత్తం పత్రంలో ఒక్క పంక్తే చదవగలిగితే ఆ పంక్తి చదవమంటాం.

బ్యాంకుల లెక్కల్లో ఉచ్చులు చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. 100 అప్పుల్లో 5 మొండి బాకీలైతే 5 శాతం. మరుసటి ఏడాది అప్పులు 140కి పెరిగి ఒక్క బాకీ కూడా వసూలు కాకపోయినా నిష్పత్తి 3.6 శాతానికి దిగుతుంది, ఎందుకంటే కొత్త అప్పు చెడటానికి సమయం పడుతుంది. బాకీని పుస్తకాల నుంచి రద్దు చేసినా నిష్పత్తి తగ్గుతుంది, వసూలైనా తగ్గుతుంది. రెండు బ్యాంకులు కలిస్తే మిగిలిన బ్యాంకు రాత్రికి రాత్రి ఎదిగినట్టు కనబడుతుంది. మునిగిపోయిన బ్యాంకులు సమాచార పట్టికల్లోంచి జారిపోతే మిగిలినవన్నీ పుణ్యాత్ములే అవుతాయి. త్రైమాసికం చివరి రోజు అంకెలు ఆ రోజు కోసం సర్దినవి కావచ్చు, త్రైమాసిక సగటు ఉంటే అదే మేలు.

రాసినవారు ఎవరన్నది కూడా వార్తలో ఉండాలి. కేంద్ర బ్యాంకులు బాండ్లు కొని వ్యవస్థలోకి డబ్బు పంపే విధానం మీద వచ్చిన 54 అధ్యయనాలను నలుగురు పరిశోధకులు పోల్చి 2021లో ప్రచురించారు. కేంద్ర బ్యాంకుల ఉద్యోగులు రాసిన పత్రాల్లో ఆ విధానం ఉత్పత్తి మీద చూపిన ప్రభావం, విశ్వవిద్యాలయాల వారు రాసినవాటి కన్నా పెద్దగా కనబడింది. పెద్ద ప్రభావం చూపినవారికి ఉద్యోగంలో ఎదుగుదల కూడా మెరుగ్గా ఉందని వాళ్లు గమనించారు. ఆ నలుగురిలో కేంద్ర బ్యాంకుల్లో పనిచేసేవాళ్లూ ఉన్నారు, తమ ఇంటి సంగతి తామే బయటపెట్టడం మెచ్చుకోదగ్గది. దీన్ని బట్టి కేంద్ర బ్యాంకు పరిశోధన అంతా పక్షపాతమని కొట్టిపారేయడం తప్పు. రుణ రిజిస్టర్లు, తనిఖీ నివేదికలు వాళ్ల చేతిలోనే ఉంటాయి, వాళ్లు రాయకపోతే కొన్ని ప్రశ్నలకు జవాబే ఉండదు. పత్రం మొదటి పేజీ అడుగున ‘ఇవి రచయితల అభిప్రాయాలు, సంస్థవి కావు’ అని ఉంటుంది. దాన్ని వదిలేసి ‘కేంద్ర బ్యాంకు తేల్చింది’ అని రాయడం, రచయితల ఉద్యోగం చెప్పకుండా ‘నిపుణులు తేల్చారు’ అని రాయడం రెండూ పొరపాట్లే.

అమెరికాకు చెందిన ఇద్దరు ఆర్థికవేత్తలు 2015లో 67 ప్రచురిత పత్రాలను తీసుకుని, రచయితలు ఇచ్చిన సమాచారంతో, ప్రోగ్రాములతో అవే ఫలితాలు మళ్లీ వస్తాయేమో చూశారు. రచయితల సాయం లేకుండా వచ్చినవి 22. రహస్య సమాచారం వాడినవీ, తమ దగ్గర లేని సాఫ్ట్‌వేర్ కావాల్సినవీ తీసేసి, రచయితల సాయం కూడా తీసుకుంటే 59లో 29. సగం కూడా కాలేదు. అవి పేరున్న పత్రికల్లో సమీక్షలు దాటి వచ్చినవి. ఇంకా సమీక్షకు వెళ్లని వర్కింగ్ పేపర్ల సంగతి వేరే చెప్పాలా? వార్తల్లోకి ఎక్కేవి ఎక్కువగా అవే. రెండు మూడేళ్లు గడిచి అచ్చయ్యేసరికి అదే పత్రంలో ప్రధాన అంకె సగమైపోవచ్చు, ఒక్కోసారి ఆ ఫలితమే మాయమవ్వచ్చు.

మీ డెస్క్‌కు మా విన్నపం పెద్దదేమీ కాదు. బ్యాంకుల మీద, ద్రవ్య విధానం మీద అధ్యయనం గురించి రాసేటప్పుడు, గిరాకీని సరఫరాను విడదీసిన పద్ధతి ఏమిటో ఒక వాక్యం రాయండి. ఏ దేశం, ఏ ఏళ్లు, ఎన్ని బ్యాంకులు అన్నది ఇంకో వాక్యం. ప్రభావం ఎంత అన్నదాంతో పాటు దాని దోష పరిధిని కూడా ఇవ్వండి. ‘0.6 తగ్గింది’ అన్నదానికీ ‘0.1 నుంచి 1.1 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు’ అన్నదానికీ చాలా దూరం ఉంది. రచయితల ఉద్యోగం ఎక్కడో చెప్పండి. అది వర్కింగ్ పేపరైతే దాని తేదీ వేసి, కొత్త ప్రతి వచ్చి అంకె మారినప్పుడు ఆ మార్పును కూడా మొదటి వార్త వేసిన పేజీలోనే, అంతే స్థలంలో వేయండి.

భవదీయులు,
బ్యాంకింగ్, ద్రవ్య విధానం బోధించే కొందరు అధ్యాపకులు